గుడ్లు వాసన చూసే దొంగ

కౌజు పిట్టలు పెంచి, వాటి గుడ్లు బేకరీకి అమ్మి కొడుకుని పెద్దవాణ్ణి చేసింది కౌజులమ్మ. అందుకే పిట్టల గదిలో గుడ్డు తగ్గితే ఆమెకు ఒంట్లో రక్తం తగ్గినట్టుండేది.

ఆ ఏడు గుడ్లు తగ్గసాగాయి. ఎవరో పిండి పారేసినట్టు, చుక్క సొన కూడా లేని నలిగిన పెంకుల ముద్దలు మూలల్లో దొరికేవి. ఇంట్లో ఉండేది ఆమె, కొడుకు, కోడలు. కొడుకు గుడ్డు ముట్టడు. ఇంకేం, దొంగ దొరికినట్టే.

"పచ్చి గుడ్లు తాగుతోందమ్మా మహాతల్లి!" అని వీధి కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. "నా మాట తప్పయితే గది తాళంచెవి నా చేత్తోనే దానికిచ్చేస్తా."

తాళంచెవి మెడలో వేసుకుంది. అయినా గుడ్లు పోతూనే ఉన్నాయి.

"మారుతాళం కూడా చేయించావన్నమాట!" అని కోడలి మీద విరుచుకుపడింది. గుడ్డు కనబడితేనే పిట్ట మళ్లీ అక్కడ గుడ్డు పెడుతుందని గంపకో పాత గుడ్డు వదలడం ఆమె పద్ధతి. "పాతదాన్ని ముట్టకుండా తాజావే ఏరుకున్నావు. ఎంత నాజూకు నోరే నీది!"

"అన్నిటికీ ఒకే రంగు, ఒకే మచ్చలు. పాతదేదో వాసన చూస్తేనే కదా అత్తయ్యా తెలిసేది? మొన్న పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా పసిగట్టలేని మొద్దు ముక్కని నన్ను వీధంతా చాటింది మీరేగా! ఆ ముక్కుతోనే ఏరానా?"

తన మాటే తనకు అడ్డు తగలడం ఎప్పుడూ ఎరగదు కనుక కౌజులమ్మకు కోపం వచ్చింది.

మర్నాడు తెల్లవారకముందే పిట్టల గదిలోకి వెళ్లి, లోపలినుంచి తాళం వేసుకుని, దాణా డబ్బా మీద కూర్చుంది. మారుతాళం తిరుగుతుందని చెవులు రిక్కించింది. తాళం తిరగలేదు. తెలతెలవారుతుండగా గోడ పగుల్లోంచి వేలంత లావు పాము దిగింది.

అది గంపలోని గుడ్లను ఒక్కొక్కటిగా నాలుకతో తడిమింది. పాతదాన్ని, బేరం నచ్చని గిరాకీలా, వదిలేసింది. తాజాదాన్ని పట్టుకుంది. తలకంటే పెద్ద గుడ్డు మీద నోరు మేజోడులా సాగింది. గుడ్డు గొంతులోకి జారాక లోపల టప్పుమంది, ఉబ్బిన మెడ దిగిపోయింది. కాసేపటికి పెంకును మడిచినట్టు కక్కేసింది. అచ్చం ఆ ముద్దే!

"ఓసి నీ ఇల్లు బంగారం కాను!" అంటూ చీపురు విసిరింది. పాము చుట్టలు చుట్టుకుని, పొలుసులు రాపాడిస్తూ బుస్సుమంది. కౌజులమ్మ డబ్బా మీద నిలబడి కెవ్వుమంది.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది అత్తయ్యా?"

"పాము! తలుపు తియ్యవే!"

"తాళంచెవి మీ మెడలోనే ఉందిగా!"

"దిగితే కదా! నీ మారుతాళంతో తియ్యి!"

"ఏ మారుతాళం అత్తయ్యా?"

లోపలినుంచి పాము మాత్రమే జవాబిచ్చింది. కాసేపటికి తాళంచెవి కిటికీలోంచి వచ్చి కోడలి కాళ్ల దగ్గర పడింది.

కోడలు వచ్చి పాము మీద ఖాళీ గంప బోర్లించబోతే అది ఆమె చేతిని కరిచింది. గీత కూడా పడలేదు.

"పళ్లే లేవు దీనికి. ఇంత హడావిడీ ఉత్తుత్తిదే," అంటూ గంప కింద అట్ట దూర్చి, తీసుకెళ్లి దూరంగా పొదల్లో వదిలేసి వచ్చింది.

కౌజులమ్మ డబ్బా దిగి చెయ్యి చాపింది. "తాళంచెవి ఇలా తే."

"మీ చేత్తోనే ఇచ్చారుగా అత్తయ్యా!"

చాపిన చేతితో ఏం చెయ్యాలో తోచక, కౌజులమ్మ గంపలోంచి ఆ పాత గుడ్డు తీసి వాసన చూసింది.

"సరే, ఉంచుకో. ఇది కుళ్లకముందే మారుస్తూ ఉండాలి. ఆ పనికి మాత్రం నన్నే పిలువు. నీ ముక్కుని నమ్ముకుంటే గది కంపెత్తిపోతుంది."