గడీ బ్యాండు రెండో ఆల్బమ్

మా ముత్తాత సూర్యాపేట చుట్టుపట్ల ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత కోటలాంటి మా గడీ మెట్లు దిగుతుంటే దారిన పోయేవాళ్లు సైకిళ్లు దిగి నడిచేవారు. మా నాన్నకు మార్కెట్ యార్డులో కుర్చీ వేసేవారు (ఇప్పటికీ వేస్తారు, కాకపోతే వేసినవాళ్లే ముందు కూర్చుంటారు). ఆ వరుసలో నాలుగోవాణ్నైన నేను డెత్ మెటల్ బ్యాండులో గిటారు వాయించాను. ఆ రోజుల్లో నేను ఏ పని చేసినా వంశానికి తగ్గట్టే ఉందని అనిపించేది. పైగా ఇది చావు గురించి గొంతు అడుగు నుంచి గర్జిస్తూ, వినేవాడి చెవులు దిమ్మెత్తేలా వాయించే సంగీతం. దొరలకు ఇంతకన్నా తగిన కళ లేదని నా నమ్మకం. బ్యాండుకు ‘గడీ’ అని పేరు పెట్టింది కూడా నేనే.

ఉన్నది ముగ్గురం. డ్రమ్ములు వాయించేవాడిది మిర్యాలగూడ. వాళ్లకు రైసుమిల్లు ఉంది కనుక, ఎప్పుడు చూసినా జుట్టు మీద తవుడు ఉండేది కనుక, వాణ్ని తవుడు అనేవాళ్లం. పాడేవాడిది కోదాడ. వారమంతా ఆటోలో తిరుగుతూ చీరల దుకాణాల డిస్కౌంట్లు చెప్పి, ఆదివారం మా దగ్గరికొచ్చి అదే గొంతుతో ప్రళయాన్ని పిలిచేవాడు. వాణ్ని మైకు అనేవాళ్లం. తలలు విసురుతూ వాయించడం ఈ సంగీతంలో ఆచారం. నేను మాత్రం కర్ర మింగినవాడిలా నిలబడేవాణ్ని. “మా ఇంట్ల ఎవ్వలు తల వంచలే” అంటే, మైకు “వంచొద్దులెండి దొరగారూ, తాళమన్నా వినండి చాలు” అనేవాడు.

మా సాధన తవుడు వాళ్ల గోదాములో, అదీ మిల్లు నడుస్తున్నప్పుడే. ఆ హోరులో మా హోరు ఎవరికీ వినబడదని మా తెలివి. ఎవరికీ వినబడనిది మాకూ వినబడదన్న సంగతి మాత్రం ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. యంత్రాన్ని మించాలని ఒకరికంటే ఒకరం వేగంగా బాది, మొదటి ఆల్బమ్ మొత్తం అలాగే ఫోన్‌లో రికార్డు చేశాం (వెనక వినిపించే మిల్లు చప్పుడు మాకు మహా గంభీరంగా అనిపించింది). రెండోది మొదలుపెట్టేసరికి, వచ్చే సీజన్ నుంచి మిల్లులోనే కూర్చోవాలని తవుడుకు వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు. ఆలోపు ఈ ఆల్బమ్ కుదరకపోతే గడీ ఖతం.

అలాంటి సమయంలో ఒక ఆదివారం మధ్యాహ్నం వడ్లు అయిపోయి మిల్లు ఆగింది. మేం ఆగలేదు. పక్కనే ఉన్న ఇంట్లోంచి తవుడు వాళ్లమ్మ వచ్చి గోదాము తలుపు తోసింది. “ఏందిరా, మిల్లు బంద్ అన్నరు, ఇంక నడుస్తనే ఉన్నదేంది?”

“మిల్లు బందే అయిందమ్మా. ఇది మేము” అన్నాడు తవుడు.

ఆమె మా ముగ్గురినీ చూసింది. “గట్లనా. అన్నం తినుండ్రి” అని వెళ్లిపోయింది.

అన్నాలు సహించలేదు. “ఆవిడ తప్పేం లేదు. మనం వాయించేది ఒకటే పాట, పేర్లే మారుతున్నాయి” అన్నాడు మైకు. ఆ తర్వాతి ఆదివారాల్లో నిశ్శబ్దంగా ఉన్న ఆ గోదాములో వాళ్లిద్దరూ పాటలను మళ్లీ మొదటి నుంచి కట్టారు. మైకు గర్జనలో మాటలు తెలియసాగాయి. తవుడు ఒక దెబ్బ కొట్టి, రెండోది కొట్టకుండా ఆగడం నేర్చుకున్నాడు. ఇక నా వంతు వచ్చింది.

“నువ్వు గీ పాటల ఒక్క తీగ మీదనే ఉండాలె. మైకు ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వు ఆగాలె” అన్నాడు తవుడు.

“బ్యాండు పేరు మాది. నన్నే ఆగుమంటున్నవా?”

“పేరు నీదే పటేలా. పాట జర మాకిడువు.”

గిటారు సంచిలో పెట్టుకుని బస్టాండుకని బయలుదేరాను. గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక వాళ్లు నేను లేకుండానే మొదలుపెట్టారు. అంతకాలం పక్కన నిలబడి వాయించిన నేను వాళ్లను వినడం అదే మొదటిసారి. బావి అడుగున బండరాయి జరిగినట్టుంది మైకు గొంతు. తవుడు ఆగిన ప్రతిసారీ తర్వాతి దెబ్బ కోసం నా అడుగూ ఆగింది. చీరలమ్మే గొంతూ, బస్తాలు లెక్కపెట్టాల్సిన చేతులూ ఇంత దూరం వచ్చాయా అనుకున్నాను. పాట మధ్యలో ఒక్క తీగ పట్టేంత ఖాళీ ఉంది. అది నాకోసమే ఉంచారు.

తిరిగి వెళ్తే, “బస్సు దొరకలేదాండీ?” అన్నాడు మైకు.

“రష్షుగున్నది” అన్నాను.

ఆ పాటంతా ఒక్క తీగ మీదే ఉన్నాను. ఆగమన్న చోట ఆగాను. చివరి దెబ్బ పడ్డాక చూస్తే, తవుడు వాళ్లమ్మ అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయి ఉంది. “గిప్పుడు పాటలెక్క ఉన్నది. భయమైతున్నది గని, పాటనే” అంది.

ఆల్బమ్ పూర్తయింది. తవుడు సీజన్ మొదలుకాగానే మిల్లులో కూర్చున్నాడు, మైకు ఆటో ఎక్కాడు. ఇప్పుడు ఎప్పుడైనా ఆ పాట పెట్టుకుంటే నా గిటారు ఉన్నట్టే తెలియదు. మైకు ఊపిరి తీసుకునే చోటు రాగానే మాత్రం మా ఆవిడను పిలిచి, “ఇగో, గిక్కడ ఆగింది నేనే” అని చెబుతాను. ఆమె విన్నట్టు తలూపుతుంది, నాకు ఇప్పటికీ నవ్వూ గర్వమూ కలిసే వస్తాయి. ఆ ఆల్బమ్ నెట్‌లో పెట్టిన నెలలోనే నాన్న మా పాత భూముల్లో ఆఖరిగా మిగిలిన, మఠంపల్లి వైపు సున్నపురాయి భూమిని అమ్మేశారు. ఇప్పుడు మా దొరతనమల్లా ఆ బ్యాండు పేరే.