ఆళ్ళగడ్డలో పనున్న ఆదిలక్ష్మమ్మ

మా పెద్దమ్మ ఆదిలక్ష్మమ్మకు రోజూ ఆళ్ళగడ్డలో ఏదో ఒక పనుంటుంది. వానొచ్చినా, వడగాలొచ్చినా పొద్దున ఏడున్నర బస్సులో ఆమె ఉండాల్సిందే. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమయ్యాక ఆ పనులు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి.

"యాడికి పోతాండావ్ పెద్దమ్మా?"

"సూది కొనల్ల రా."

"నిన్న గూడా సూదే గదా?"

"అది సన్నసూది. దారం ఎక్కలేదు."

పెరట్లో ఇంత లావు కరివేపాకు చెట్టు పెట్టుకుని, ఆళ్ళగడ్డలో రెండు రెబ్బలు కొనుక్కొచ్చిన మనిషి. ఒకరోజు ఏ పనీ తోచక, బస్టాండు గడియారంతో సరిచూసుకొస్తానని గోడగడియారాన్ని చంకన పెట్టుకుని బయల్దేరింది.

"నేను పెండ్లి చేసుకున్యాది ఆడమనిషినా, కండక్టర్నా?" అని మా పెదనాన్న చెన్నకేశవులు ఎప్పుడో చేతులెత్తేశాడు.

మా నల్లచెలిమలలో ఉండేది నాలుగొందల మంది. అందులో సగం మంది నంద్యాలలో కాపురాలు పెట్టి, ఓట్లకు మాత్రం ఊరివాళ్ళవుతారు. మిగిలినవాళ్ళకు మోటార్‌సైకిళ్ళు. ఇక బస్సెక్కేదెవరు? శనగకు మందు కొట్టే రోజుల్లో కండక్టర్ సుందరరాజు చల్లగా ఒక కబురు చెప్పాడు.

"అక్కా, శనివారం డిపోవాళ్ళు లెక్క చూస్తారంట. మీ ఊర్లో నలభై మందన్నా ఎక్కకుంటే సోమవారం నుంచి బస్సు రాదు."

పెద్దమ్మకు ఆ వారమంతా నిద్రాహారాలు లేవు. గడపగడపకూ తిరిగి, ఎవరికి ఏం పనుందో తానే చెప్పేసింది.

"రామలక్ష్మమ్మా, నీకు పంటినొప్పి."

"నాకు పండ్లే లేవు గదక్కా!"

"అందుకే కట్టించుకోవల్ల. శనివారం."

"నీకు క్షవరం" అంది నాతో. నెత్తిమీద నాలుగు వెంట్రుకలే ఉన్నాయన్నాను. "నాలుగుండాయి గదా!" అంది.

ఈమె తిరుగుళ్ళ కోసం మనం పనులు మానుకోవాలా అని గొణుక్కుంటూనే శనివారం ఇంటికొకరు చొప్పున ఊరంతా బస్సెక్కింది. చేనికి పోతున్న పెదనాన్నను వీపున మందుపంపుతో సహా లాక్కొచ్చి ఎక్కించింది. ఆయనా పంపూ కలిసి ముగ్గురి చోటు తిన్నారు. సుందరరాజు చెమటలు కక్కుతూ యాభై మూడు టికెట్లు కొట్టాడు.

బస్సు కదలబోతుంటే కృపమ్మ కూతురు దీపిక పరిగెత్తుకొచ్చింది. మా ఊరి నుంచి ఆళ్ళగడ్డలో కాలేజీకి పోయే పిల్ల అదొక్కతే. ఆరోజు దానికి పరీక్ష. మెట్ల మీద కూడా కాలు పెట్టే సందు లేదు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెద్దమ్మ నన్నూ, పెదనాన్ననూ, పంపునూ తోసుకుంటూ కిందికి దిగింది.

"ఎక్కు మే!"

"వద్దవ్వా, నీకు పనుంది గదా."

"నాకేం పనుంది ఆడ, నా పిండాకూడు! బస్సు నిలిచిపోతే చదువు మాన్పిస్తా, ఆటోల్లో మాత్రం పంపను అని మీయమ్మ ఎప్పుడో చెప్పింది. నీకోసరమే ఈ బస్సును పట్టుకోని యేలాడతాండా. ఎక్కు, టైమయితాంది!"

ఊళ్ళు తిరిగే పిచ్చి అని ఏడాదిగా ఆమెను చూసి నవ్విన నాకు నిజంగా సిగ్గేసింది.

"అక్కా, నీ టికెట్టు దీనికి ఇచ్చేద్దునా?" అన్నాడు సుందరరాజు.

"దానికి వేరే కొట్టప్పా. నాది లెక్కలో ఉండనీ."

సోమవారం బస్సొచ్చింది. పెద్దమ్మ వచ్చేసరికి స్టాపులో పదిమందిమి ముందే నిలబడి ఉన్నాం.

"ఏందీ, యాడికి అందరూ?"

"ఆళ్ళగడ్డలో పనుంది పెద్దమ్మా" అన్నాను.

"ఏం పని?"

ఒక్క అబద్ధమూ నోటికి రాలేదు.

"నీకు చేతగాదులే" అంది పెద్దమ్మ జాలిగా. "నీకు చెవిపోటు. ఎక్కు!"