యాడి నడిచిన బజారు

మొన్న అంగడి రోజున బల్మూరు నుంచి వచ్చిన మనిషి చెప్పాడు, యాడి పోయిందని. వేరుశనగ చేనులో కలుపు తీసి ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి పడుకుందట, మళ్ళీ లేవలేదట. పండిన వయసు. వినగానే కన్నీళ్ళకన్నా ముందు ఆమె నవ్వు గుర్తుకొచ్చింది నాకు.

యాడి అంటే లంబాడీల మాటలో అమ్మ. మా కూలీల జట్టులో అన్ని కులాలవాళ్ళమూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళం. పదేళ్ళ కింద, వానలు లేని ఏడు, మేమంతా హైదరాబాదు పోయి ఒక పెద్ద బంగళా కట్టే పనిలో చేరాం. నాలుగక్షరాలు వచ్చు గనక నేను హాజరు రాసేవాణ్ణి. యాడి సున్నం మోసేది. మధ్యాహ్నం జొన్నరొట్టె తుంచితే మొదటి ముక్క ఎదురుగా ఉన్నవాళ్ళ చేతిలో పెట్టేది. "ఒక్కదాన్నే తింటే గొంతు దిగదు" అనేది.

ఒకనాడు పక్క హవేలీలో వెండి చెంబు కనబడలేదు. ఠాణా నుంచి ఇద్దరు జవాన్లు వచ్చారు. మమ్మల్నెవరినీ ఒక్క మాట అడగలేదు. మోచేతుల దాకా ఉన్న తెల్లగాజులు చూసి నేరుగా యాడి దగ్గరికి పోయారు.

"లంబాడోళ్ళున్నకాడ దొంగతనం కాకుంటే ఇంకేమైతది? నడువ్!" అని ఒక జవాను ఆమె రెక్క పట్టి బజారు నడుమ నుంచి తీసుకుపోయాడు. పొద్దుటి నుంచి ఆమె నా కళ్ళ ముందే పనిలో ఉంది. అయినా నా నోరు పెగల్లేదు.

తర్వాత సిగ్గేసింది. మేస్త్రీని వెంటబెట్టుకుని ఠాణాకు పోయి, హాజరు కాగితం ఠాణాకు పెద్దయిన అమీను ముందు పెట్టాను. "పొద్దుగాల నుంచి గీమె మా కాడనే ఉన్నది సాబ్" అన్నాను. ఆయన కాగితం చూస్తుండగానే హవేలీ నౌకరు వచ్చాడు. చెంబు స్నానాలగదిలో తొట్టి వెనక దొరికిందట.

"సరే, ఇంక పో" అన్నాడు అమీను.

యాడి కదల్లేదు. "గిట్లెట్ల పోత సాబ్? గీ జవాను నన్ను దొంగను చేసి బజార్ల నుంచి గుంజుకొచ్చిండు. అందరు చూసిన్రు. గదే బజార్ల నుంచి తోల్కపొమ్మను. దొంగ కాదని చెప్పమను."

"పోతవా, లోపలెయ్యమంటవా?"

"ఎయ్యి సాబ్. ఏం దొంగతనం చేసిన్నో కాయితం మీద రాసి ఎయ్యి."

"గట్లయితే మేం గూడ ఈడ్నే కూసుంటం" అని మేస్త్రీ కింద చతికిలబడ్డాడు. పక్కన నేనూ. అప్పటికే పని వదిలి వచ్చిన మా జట్టంతా వాకిట్లో నిలబడి ఉంది. అమీను వాళ్ళవైపు చూసి, జవానుకు సైగ చేశాడు.

జవాను ముందు, యాడి వెనక. పూలమ్మే ఆమెకు, దర్జీకి, చాయ్ తాగుతున్నవాళ్ళకు "ఈమె తియ్యలే" అని చెప్పుకుంటూ నడిచాడతను. "జర గట్టిగ చెప్పు బిడ్డా, గా దర్జీకి ఇనవడలే" అంది యాడి. పూలమ్మే ఆమె నవ్వింది. మేమూ నవ్వాం.

పట్నంలో లంబాడీలను పట్టుకుపోవడం అంతటితో ఆగిందని చెప్పను. మా పని దగ్గరికి మాత్రం, ఆ తర్వాత ఠాణా నుంచి ఎవరొచ్చినా ముందు హాజరు అడిగారు.

"అప్పుడే మాట్లాడాల్సింది, భయపడ్డాను యాడీ" అన్నాను ఆ సాయంత్రం.

"భయమైతే కానియ్యి కొడుకా. కాళ్ళు వొణికినా వొచ్చినవు గద."

ఆ మాట మీదే ఇన్నేళ్ళూ నడుస్తున్నాను.

ఆఖరిసారి చూసింది పోయిన వానకాలంలో. చేనుగట్టు మీద నిలబడి, వానకు తడిసిన ఓణీని రెండు చేతులా పైకెత్తి ఆరబెడుతోంది. ఎండ వచ్చింది. ఓణీకి కుట్టిన అద్దాల నుంచి వెలుగు చుక్కలు లేచి, పక్కన మేస్తున్న ఎద్దు నల్లటి వీపు మీద ఆడుతున్నాయి.