బమ్రోలిలో ఒడిబియ్యం

ఆ వారమంతా సారక్కకు కాలు నేల మీద నిలవలేదు. సూరత్‌లోని ఆ బమ్రోలి గల్లీలో ఎవరెదురైనా, చంకలో బిందె దించకుండానే అదే కబురు: "మా అన్న ఒడిబియ్యం తెస్తుండు." ఎప్పుడూ నోరెత్తని మనిషికి ఒక్కసారి నోరొస్తే ఎట్లా ఉంటుందో గల్లీ అంతా చూసింది.

మరి మురవదా? పెళ్ళైన ఆడపిల్లకు బేసి ఏళ్ళలో తల్లిగారింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోయాలి. సారక్కకు మూడో ఏడు సిరిసిల్ల దగ్గరి సొంతూళ్ళోనే పోశారు. ఆ తరవాతే భర్త లస్మయ్య సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే పనికి సూరత్ వచ్చాడు, వెనకే చంటిపిల్ల నవతనెత్తుకుని ఆమె. ఇప్పుడిది ఐదో ఏడు.

సూరత్ అలవాటు కాలేదని కాదు. రింగ్ రోడ్ బజారుకు పోయే చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని ఇంట్లోనే దొరికింది. కూరగాయల బండివాడితో హిందీలో బేరమాడటం కూడా వచ్చేసింది. కానీ మధ్యాహ్నం పూట చీర మడతపెడుతుంటే ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయేది. ఈ వేళకు తల్లిగారింటి అరుగు మీద ఎండ ఎక్కడిదాకా వచ్చి ఉంటుందా అనిపించేది. అమ్మా నాన్నా పోయి నాలుగేళ్ళు. ఆ ఇల్లంటే ఇప్పుడు అన్న నరహరే. అయినా ఇల్లు ఇల్లే కదా!

పోదామంటే లస్మయ్య నెత్తి కొట్టుకునేవాడు. "నాలుగు దినాలు నేను లేకుంటె సేటు నా సాంచల మీద ఇంకొకన్ని నిలవెడ్తడు." నరహరి కూడా ఫోన్లో, "నువ్వు రాకు చెల్లె, నేనే వస్త" అని ఒకటే పట్టు. ఇంత దూరం బియ్యం మోసుకొచ్చే అన్న ఎవరికుంటాడని ఆమె పొంగిపోయింది, పిచ్చిది.

ఆదివారం పొద్దున నరహరి దిగాడు. చిక్కి సగమయ్యాడు. వదిన స్వరాజ్యం ఏదంటే పిల్లల బడి అన్నాడు. నవత అతన్ని కిందికీ మీదికీ చూసి, "అంకల్, బైఠో" అంది.

"అంకల్ ఏందే మొద్దూ, మామ!" అని సారక్క దాని నెత్తిన ఒక్కటిచ్చింది.

గల్లీ ఆడవాళ్ళంతా ఆ ఒక్క గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. సారక్క పీట మీద తూర్పు ముఖంగా కూర్చుని కొత్త చీర కొంగు పట్టింది. వదిన బదులు పక్కింటి ప్రమీల చెయ్యి కలిపితే, నరహరి దోసిళ్ళతో పోశాడు. బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడి నిండా చేరి తొడల మీద బరువుగా కూర్చున్నాయి. ఆ బరువు కోసమే రెండేళ్ళు ఎదురుచూసింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

అందరూ వెళ్ళాక సారక్క ఒడిలోంచి ఐదు పిడికిళ్ళు తీసింది. బిడ్డ వెళ్ళిపోతూ పుట్టిల్లు వట్టిపోకూడదని అక్కడి కుండలో వేసి పోవాల్సిన బియ్యం అవి. వాటిని అన్న తువ్వాలలో మూటగట్టింది.

"ఇవి మన ఇంట్ల బియ్యం కుండల పొయ్యి అన్నా. మరువకు."

నరహరి చెయ్యి చాపలేదు. "ఇల్లు అమ్మిన చెల్లె. మన సాంచలు బందు వడ్డయి. నేను బొంబయి పక్కన భీవండిల సాంచల పనికి కుదిరి మూడు నెలలాయె. మీ వదిన పిల్లలను తీస్కొని వాళ్ళ తల్లిగారింటికి వోయింది."

"మరి గీ బియ్యం?"

"భీవండిల కొన్న."

సారక్క భగ్గుమంది. "కొన్న బియ్యం తెచ్చి పోసినవా! వాకిట్ల గులాబి చెట్టుకు నీళ్ళు పోస్తున్నవా అని మొన్న గూడ అడిగితి. ఏమన్నవు? పోస్తున్న అన్నవు!"

"జర ఊకోవే" అన్నాడు లస్మయ్య. ఆమె ఊకుంటేగా.

"చెప్పెతందుకు నోరు రాలే" అన్నాడు నరహరి. "ఇల్లు వోయె, ఐదో ఏడు గూడ తప్పితే నీకు ఎవలున్నరు చెల్లె? గిదొక్కటన్న చేద్దామనుకున్న."

ఆమె కోపమంతా ఆ మాటతో కారిపోయింది. ఇంటి కోసం ఏడ్చింది, ఈ అన్న కోసం అంతకన్నా ఎక్కువ ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని అడిగింది.

"అక్కడ నీకు వంట ఎవలు చేస్తరు?"

"వంటేంది? ఒక్క రూంల ఎనిమిది మందిమి. మెస్సుల తింట."

సారక్క తువ్వాల మూట విప్పి, ఆ ఐదు పిడికిళ్ళు కడిగి పొయ్యి మీద పెట్టింది. పుట్టింటికి చేరాల్సిన బియ్యం. పుట్టింటి మనిషి ఎదురుగా ఆకలితో కూర్చున్నాడు. వేడి వేడి అన్నంలో పచ్చిపులుసు పోసి ముందు పెట్టింది. నరహరి తలొంచుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. సాయంత్రం బండికి పోవాలని చెప్పులేసుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది.

"ఏడో ఏడు నువ్వు రాకు. నేనే భీవండి వస్త."

"ఎనిమిది మంది పండే రూమమ్మా అది. నిన్నేడ కూసోవెట్టాలె?"

"ఓ గంటసేపు వాళ్ళను బయట నిలవడుమను. ఆ రూముకు గడప ఉన్నదా?"

"గడపెందుకే?"

"ఒడి నింపుకొని, ఏడ్చుకుంట దాటెతందుకు నాకొక తల్లిగారింటి గడప గావాలె గదా అన్నా."

నరహరి చెప్పులు అట్లాగే వదిలేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఉన్నది చెల్లె" అన్నాడు.