ఇంకొక్కసారి నొక్కు

కొండదారుల్లో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీకి వెనక బ్రేకు పట్టడం లేదంటే అందరూ ఈ మెకానిక్ దగ్గరికే వస్తారు. ఆయన బండివాడి మాట వినడు, బండి మాట వింటాడు. చెప్పు విడిచి ఉత్తకాలితో పెడల్ నొక్కుతాడు. మెత్తగా దిగిపోయిందా, బ్రేకు గొట్టంలో గాలి చేరినట్టే. ఈ ఉదయం వచ్చిన పాలవ్యాపారికి కాలు నిలవడం లేదు. "కాస్త ఆయిల్ పోసి పంపించెయ్యవయ్యా, మిగతాది రేపు చూద్దాం" అన్నాడు. మెకానిక్ చేతిలో స్పానర్ ఆగిపోయింది. మూడేళ్ల కిందట గాలి తీయకుండానే ఆయిల్ పోసి, "మిగతాది రేపు చూద్దాంలే" అని బావమరిదిని పంపింది తనే. ఆ పూటే వాలులో బండి ఆగలేదు. "కుదరదండీ, కూర్చోండి" అని వ్యాపారికి స్టూలు చూపించి, బావమరిదిని కేకేశాడు. అతను కుంటుకుంటూ వచ్చి, కుడికాలు మడవలేడు గనక, ఎడమకాలితో పెడల్ నొక్కసాగాడు. మెకానిక్ చక్రం పక్కన మునికాళ్ల మీద కూర్చుని, నట్టు వదులు చేస్తూ బిగిస్తూ, సన్నని ట్యూబులోంచి వచ్చే బుడగల్ని చూస్తున్నాడు. ఆ ప్రమాదం ఊసు ఇద్దరూ ఏనాడూ ఎత్తలేదు.

"పెడల్ రాయిలా అయింది బావా. బుడగలు ఎప్పుడో ఆగిపోయాయిగా?"

మెకానిక్ తలెత్తలేదు.

"ఇంకొక్కసారి నొక్కరా" అన్నాడు.