బండి నీది బావా

ఉపేందర్‌కు ఇంట్లో నిద్ర పట్టేది కాదు. సాతంరాయిలో మా వెనక వీధిలో వాళ్ల రేకుల ఇల్లు. నాలుగు రోజులకో వారానికో లారీ దిగి ఇంటికి వచ్చినప్పుడు స్నానం చేసి, కడుపునిండా తిని మంచం ఎక్కేవాడు. కాసేపు ఇటు, కాసేపు అటు పొర్లేవాడు. ఫ్యాను పెంచేవాడు, తగ్గించేవాడు. చివరికి లేచి గడప మీద కూర్చునేవాడు.

"ఇల్లు కదుల్తలేదు గద, ఆయనకు నిద్రెట్ల వడ్తది?" అని అతని భార్య మంజులక్క నవ్వేది.

ఆమె ఎగతాళిగా అన్నా అది నిజమే. లారీ కదులుతుంటేనే అతనికి నిద్ర. అది కూడా స్టీరింగు ముందు సత్తయ్య కూర్చుని ఉంటేనే.

సత్తయ్య మంజులక్కకు అన్న. అతనూ ఉపేందర్ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు. పదేళ్లకు పైగా ఇద్దరూ ఒకే లారీ మీద డ్రైవర్లు. విమానాశ్రయం పక్కన ఉన్న గోదాముల నుంచి మందుల పెట్టెలు ఎక్కించుకుని బెంగళూరు, అక్కడ సరుకు దొరికితే చెన్నై, మళ్లీ శంషాబాద్. ఒకరు నడుపుతుంటే ఒకరు సీటు వెనక పలక మీద పడుకునేవారు. సత్తయ్యకు నోరు మూసుకుని బండి నడపడం రాదు. ముందు పోయే బస్సును తిట్టేవాడు. రాబోయే ఊరి పేరు తనకు తానే చెప్పుకునేవాడు. అడ్డం వచ్చిన బర్రెను "పో తల్లీ, పో" అని బతిమాలేవాడు. ఆ గొణుగుడు వింటూ వెనక ఉపేందర్ హాయిగా నిద్రపోయేవాడు. గొణుగుడు ఆగితే లేచి కూర్చునేవాడు. ఉపేందర్ నడిపేటప్పుడు మాత్రం సత్తయ్య గురక.

"నువ్వు వెనక పంటే హారన్ పనే లేదు బావా," అనేవాడు ఉపేందర్.

వాళ్లకొక నియమం ఉండేది. కొత్తలో ఒకసారి జడ్చర్ల దగ్గర చాయ్ కోసం ఆగినప్పుడు, చేతిబ్రేకు అవతలివాడు వేశాడనుకుని ఇద్దరూ దిగిపోయారు. లారీ మెల్లగా వెనక్కి జారి ఒక పుచ్చకాయల బండిని గుద్దింది. మనుషులకేం కాలేదు కానీ కాయలన్నీ పగిలి రోడ్డంతా ఎర్రగా అయిపోయింది. ఆ ఎరుపు చూసి సత్తయ్య చాయ్ తాగకుండానే లారీ ఎక్కాడట. ఆ రోజు నుంచి సీట్లోంచి లేచేవాడు "బండి నీది బావా" అనాలి. కూర్చునేవాడు "నాదే" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా మొదటివాడు స్టీరింగు మీది చెయ్యి తీయకూడదు.

ఆ మాట లారీ దిగి ఇంట్లోకి కూడా వచ్చింది. ఉపేందర్ తన చంటిపిల్లను మేనమామ చేతికిస్తూ "బండి నీది బావా" అనేవాడు. ఒడి తడిసిందంటే సత్తయ్య ఆ మాటనే తిప్పి అప్పగించేవాడు. మంజులక్క పొయ్యి మీద అన్నం పెట్టి దుకాణానికి వెళ్తూ "బండి నీది" అని అరిచేది. "నాదే" అన్నాక అన్నం మాడిందా, తిట్లు ఉపేందర్‌కే.

నిరుడు ఎండాకాలంలో లారీ ఓనరు జోగారావు గారు ఇద్దరినీ ఆఫీసుకు పిలిచారు. కోస్తా నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో స్థిరపడిన మనిషి. డ్రైవర్లను కూడా "అండి" అంటారు. ఎప్పుడూ గొంతు పెంచరు.

"కూర్చోండి. ఇకనుంచి నెల జీతం, బత్తా ఉండవండి. కిలోమీటరుకు నాలుగు రూపాయలు. ఎంత తిరిగితే అంత."

"మనిషికా సార్, బండికా?" అని అడిగాడు సత్తయ్య.

"బండికండి."

"మేం ఇద్దరం ఉన్నం గద సార్."

"ఒకరు నడుపుతారా, ఇద్దరు నడుపుతారా అన్నది మీ ఇష్టం. నేను బలవంతం చెయ్యను. సరుకు పంపే కంపెనీవాళ్లు నాకిచ్చేదే తగ్గించేశారు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

బయట చాయ్ హోటల్ దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"నాలుగు రూపాయలంటే ఏంది బావా, సగం చాయ్ గూడ రాదు," అన్నాడు సత్తయ్య.

"ఒక్కనికైతే మంచిగనే గిట్టుబాటైతది. జీతం కంటె ఎక్కువనే."

"ఇద్దరికైతే?"

"ఇద్దరికైతే గీ చాయ్ గూడ చెరి సగం తాగాలె."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత లారీ వైపు చూశారు. గిట్టుబాటు కావాలంటే ఒకరు దిగాలి.

వారం తిరగకుండానే సత్తయ్య తనకు మోకాళ్లు నొప్పులన్నాడు, క్లచ్ తొక్కలేకపోతున్నానన్నాడు. విమానాశ్రయం పక్కనే ఒక గోదాములో రాత్రి కాపలా పనికి కుదిరాడు.

"మా అన్నకు మోకాళ్ల నొప్పి లేదు, ఏం లేదు," అంది మంజులక్క భర్తతో. "నిన్ననే గోడెక్కి మన రేకులు సదిరిండు."

"నాకెర్కనే."

"ఎర్కయి గూడ ఎట్ల ఊకున్నవ్?"

"ఇద్దరం దిగితే ఏం తింటమే?"

"నేనడిగేది అది గాదు. ఆగితే నీకు నిద్ర రాదు. నడిపేటప్పుడు పండరాదు. ఒక్కనివే ఉంటే ఎప్పుడు పంటవ్? అది చెప్పు."

"అలవాటైతది తియ్," అన్నాడు ఉపేందర్.

అలవాటు కాలేదు. దాబా దగ్గర లారీ ఆపి పలక మీద పడుకుంటే కళ్లు మూసుకునేవి, చెవులు మాత్రం తెరుచుకునే ఉండేవి. పైగా ఆగిన లారీకి డబ్బు రాదు. సరుకు ఎక్కించే చోట పూటంతా వరుసలో నిలబడినా ఒక్క రూపాయి లేదు, ఎందుకంటే చక్రం తిరగలేదు. నిద్రా లేదు, సంపాదనా లేదు, ఇక ఊరికే పడుకోవడమెందుకని లేచి మళ్లీ స్టీరింగు ముందు కూర్చునేవాడు. మొదట్లో డబ్బు బాగానే వచ్చింది. ఇంటికి ఫ్రిజ్జు వచ్చింది. దాన్ని తెచ్చిన రోజు ఉపేందర్ కళ్లు ఎంత ఎర్రగా ఉన్నాయంటే, కళ్లకలకేమోనని పక్కింటివాళ్లు పిల్లల్ని దూరంగా ఉండమన్నారు. ఒకసారి శంషాబాద్‌లో సిటీ బస్సెక్కి, సాతంరాయిలో దిగవలసినవాడు నిద్రలో ఆరాంఘర్ దాకా వెళ్లిపోయాడు. కండక్టరు భుజం పట్టి ఊపితే కానీ లేవలేదు.

"ఇగ నీకు బస్ పాసు తీసిస్త," అంది మంజులక్క. "రోజంతా అండ్లనే తిరుగు." ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు.

అన్నను బతిమాలింది ఆమే. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే మత్తు మహా చెడ్డది, ఆ వేళకు ఫోన్లో ఆయనతో మాట్లాడుతూ ఉండమంది. రాత్రంతా కాపలా కాసి వచ్చిన సత్తయ్య ఆ వేళ నిద్రపోవాలి. నిద్ర మానుకుని ఫోను పట్టుకుని కూర్చునేవాడు. ఆ రకంగా జోగారావు గారికి తెలియకుండానే ఆయన లారీకి మళ్లీ ఇద్దరు డ్రైవర్లు వచ్చారు, ఒకరికిచ్చే డబ్బుతోనే.

ఆ రోజు ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో సత్తయ్య తర్వాత చెల్లెలికి చెప్పినట్టే రాస్తున్నాను. ఉపేందర్ బెంగళూరు నుంచి తిరిగి వస్తున్నాడు. ఎండ మండిపోతోంది.

"ఏడున్నవ్ బావా?"

"కృష్ణ బ్రిడ్జి దాటిన."

"నీళ్లున్నయా?"

"యాడియి? అన్ని బండలే."

"ఇగ పెబ్బేరొస్తది. ఎడ్లు అడ్డమొస్తయి, జర పైలం."

"ఊఁ."

"ఊఁ అంటె గాదు, మాట్లాడు."

"నువ్వే మాట్లాడు బావా. నువ్వు మాట్లాడుతుంటే మంచిగున్నది."

సత్తయ్య మాట్లాడాడు. కళ్లు మూసుకుంటే ఆ రోడ్డంతా అతనికి కనిపిస్తుంది. లేని బస్సును తిట్టాడు. వచ్చే ఊళ్ల పేర్లు చెప్పాడు. బర్రెను బతిమాలినట్టు "పో తల్లీ, పో" అన్నాడు. నవ్వించాలనే అతని ఉద్దేశం. పదేళ్లుగా ఉపేందర్ నిద్రపోయింది ఆ గొంతు వింటూనేనన్న సంగతి ఆ క్షణాన అతనికి తట్టలేదు. ఫోన్లో మాట్లాడమని అన్నను బతిమాలిన మంజులక్కకూ తట్టలేదు.

కాసేపటికి ఫోన్లో ఉపేందర్ గొంతు తేటగా వినిపించింది. మత్తుగా లేదు. పని ముగించి సీట్లోంచి లేచే మనిషి గొంతులా ఉంది.

"బండి నీది బావా."

సత్తయ్య నవ్వాడు. పరాచికమనుకున్నాడు. అతనూ రాత్రంతా నిద్ర లేనివాడే. ఆలోచించే లోపే నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"నాదే."

తర్వాత ఫోన్లో గాలి చప్పుడు, ఆ తర్వాత ఇనుము చప్పుడు.

టైరు పగిలి రోడ్డు పక్కన ఆగి ఉన్న ఒక లారీని ఉపేందర్ లారీ వెనక నుంచి గుద్దింది. ఆ లారీలో ఎవరూ లేరు. ఉపేందర్ ప్రాణాలతో బయటపడ్డాడు. హైదరాబాద్ సర్కారు దవాఖానలో కుడికాలు తొడ దాకా తీసేశారు. ఎడమకాలికి ఇనుప పట్టీలు వేశారు.

జోగారావు గారు బత్తాయిలు తీసుకుని చూడటానికి వచ్చారు. చాలాసేపు నిలబడే ఉన్నారు.

"ఒక్కరే నడపమని నేనెప్పుడూ అనలేదండి," అన్నారు.

"అనలే సార్," అంది మంజులక్క. "ఇద్దరు బతికెటట్టు గూడ ఇయ్యలే."

ఆయన ఆ ట్రిప్పు డబ్బులు కవరులో పెట్టి దిండు పక్కన ఉంచి వెళ్లారు. బెంగళూరు నుంచి లారీ ఆగిన చోటు దాకా లెక్కకట్టి ఉన్నాయి.

సత్తయ్య కాపలా పని మానేసి దవాఖానలోనే ఉండిపోయాడు. ఫోన్లో తానన్న మాట సంగతి చెల్లెలికి చెప్పాడు. మంజులక్క విన్నది. సీసా తీసుకుని నీళ్లకు వెళ్లిపోయింది. అప్పటి నుంచి సత్తయ్య మాట్లాడటం తగ్గిపోయింది. అడిగినదానికి తల ఊపుతాడు, అంతే.

వార్డులో ఉపేందర్‌కు నిద్ర లేదు. సూది వేస్తే కాసేపు మగతగా ఉండి మళ్లీ కళ్లు తెరిచేవాడు. ఎక్స్‌రేకు తీసుకెళ్లిన రోజున మాత్రం, చక్రాల బండి మీద పడుకోబెట్టి సత్తయ్య తోసుకుపోతుంటే, వరండా దాటే లోపే నిద్రపోయాడు. ఎక్స్‌రే గది ముందు బండి ఆగగానే లేచాడు.

అది చూసిన మర్నాడు మధ్యాహ్నం వార్డుబాయ్‌ని బతిమాలి సత్తయ్య మళ్లీ ఆ బండి తెచ్చాడు. ఉపేందర్‌ను దాని మీదికి మార్చి వరండాలోకి తోశాడు. ఉపేందర్ పక్కన ఉన్న ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. రెప్పలు బరువుగా ఉన్నాయి.

"బండి నీది బావా," అన్నాడు.

సత్తయ్య ఆగిపోయాడు. "నాదే" అనలేకపోయాడు.

ఉపేందర్ కళ్లు మూయలేదు. ఎదురు చూస్తున్నాడు. కడ్డీ మీద చెయ్యి అలాగే ఉంది.

నీళ్లతో వస్తున్న మంజులక్క అది చూసింది. సీసాను బండి మీద, కుడికాలు ఉండవలసిన చోట పెట్టింది. అన్న చేతులు మెల్లగా తప్పించి పిడి పట్టుకుంది.

"నాదే. ఇగ పండు," అంది.

"ఏయమ్మా, బండి ఇయ్యాలె, ఇంకో పేషంటున్నడు!" అని వార్డుబాయ్ అరిచాడు.

"ఒక్క చక్కర్ అన్నా," అని అతనికి చెబుతూ ఆమె వరండా చివరి దాకా తోసి తిప్పింది. వెనక్కి వచ్చేసరికి కడ్డీ మీద ఉపేందర్ వేళ్లు వదులయ్యాయి. వార్డుబాయ్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆమె ఆపలేదు, అతనే పక్కకు జరిగాడు.