ప్రభువుగారికి టీ ఎవరిచ్చారు

డెబ్బైల చివర్లో అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా శనివారం మధ్యాహ్నాలు ఒక డిటెక్టివ్ నవలతో గడిచేవి. అందులో ఇంగ్లండులో ఒక ప్రభువుగారిని ఆయన భవంతిలోనే టీలో విషం కలిపి చంపేస్తారు. మావారూ, ఆయనతో పనిచేసే ఇద్దరు తెలుగు డాక్టర్లూ మా హాల్లో కూర్చుని ఆ నవలను వంతులవారీగా పైకి చదివేవారు. ఆడవాళ్లం ముగ్గురం వంటింట్లో బజ్జీలు వేస్తూ వినేవాళ్లం.

చివరి అధ్యాయానికి మావారు రబ్బరు బ్యాండు వేసేశారు. హంతకులెవరో ముందు తామే తేల్చాలట. ముగ్గురికీ ఆస్తి తగాదా తప్ప ఇంకేమీ తోచలేదు. తమ్ముడని ఆ డాక్టర్లలో సర్జన్‌గారు, మేనల్లుడని ఇంకొకాయన, రెండో భార్యని మావారు. ఆ టీ ఎవరు పెట్టారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నేనప్పటికి ఆరు నెలలుగా డ్రైవింగ్ నేర్పమని ప్రాణం తీస్తున్నాను. "ఎక్కడికి కావాలంటే అక్కడ డ్రాప్ చేస్తాగా" అనేవారు. ఆయన డ్యూటీకి వెళ్లాక కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చేది. ఆ శనివారం చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చాను.

"హంతకులెవరో నేను చెబితే డ్రైవింగ్ నేర్పుతారా?"

నాకేం తెలుస్తుందిలే అన్న ధీమాతో అందరి ముందూ సరేనన్నారు.

"రోజూ ఆయనకి టీ తెచ్చే ముసలి పనిమనిషి" అన్నాను.

"అసలావిడెవరు?" అన్నారు సర్జన్‌గారు.

పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నారు. ప్రతి అధ్యాయంలోనూ ఉంది పాపం, ట్రేతో సహా. రబ్బరు బ్యాండు తీసి చదివారు. ఆవిడే.

"నువ్వు ముందే చివరి పేజీ చూసేసుంటావు" అన్నారు మావారు.

నాకు ఒళ్లు మండింది. "సరే, ఇప్పుడు మీరు తాగిన టీ ఎవరిచ్చారు?"

"నువ్వేగా."

"అవును, చెల్లెమ్మే ఇచ్చింది" అని సర్జన్‌గారు సాక్ష్యం పలికారు. ఇచ్చింది వాళ్లావిడ. వంటింట్లో ఆవిడ కుళాయి కట్టేసి మరీ వింటోంది. నేను కాదని మాత్రం చెప్పి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్నే మావారు కారు తాళాలు నా చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చున్నారు.

"ఇంతకీ నిన్న టీ ఎవరిచ్చారు?" అన్నారు.

"ముందు రివర్స్ ఎలా చెయ్యాలో చెప్పండి" అన్నాను.